పెన్సిల్వేనియాలో మెడికల్ మారిజువానా కార్డు: ఏ పని ముందు, ఏ పని తర్వాత

పెన్సిల్వేనియాలో వైద్యం కోసం గంజాయి కొనుక్కునే కార్డు తీసుకోవడం పెద్ద పనేం కాదు. రాష్ట్ర ఆరోగ్యశాఖ రిజిస్ట్రీలో పేరు నమోదు చేసుకోవాలి, అనుమతి ఉన్న డాక్టరు మీ జబ్బును ధ్రువీకరించాలి, 50 డాలర్లు కట్టాలి, కార్డు పోస్టులో ఇంటికి వస్తుంది. చిక్కంతా వరుస తప్పినప్పుడే. లైసెన్సు మీద పాత చిరునామా ఉండగానే నమోదు చేసుకుంటారు, అది ముందుకు కదలదు. రిజిస్ట్రీ నంబరు లేకుండానే డాక్టరుకు డబ్బు కడతారు, ఆ ధ్రువీకరణ ఎక్కించడానికి చోటుండదు. అన్నిటికంటే నష్టం కలిగించే తప్పు ఇంకొకటి ఉంది. తమ వీసా సంగతి ఆలోచించకుండా కార్డు తీసుకుని, ఏళ్ల తర్వాత గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న ఎదురైనప్పుడు తెల్లబోతారు. అందుకే ఇక్కడ పనులను చేయాల్సిన వరుసలోనే చెబుతున్నాం. ఒకటి తేలాకే రెండోదానికి వెళ్లండి.

ఈ ఏర్పాటుకు ఆధారం 2016 ఏప్రిల్ 17న గవర్నర్ టామ్ వుల్ఫ్ సంతకం చేసిన యాక్ట్ 16. డిస్పెన్సరీల్లో, అంటే దీన్ని అమ్మడానికి రాష్ట్రం అనుమతిచ్చిన దుకాణాల్లో, అమ్మకాలు 2018 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. 2021లో వచ్చిన యాక్ట్ 44 కొన్ని నిబంధనలను సడలించింది. పక్కనున్న న్యూజెర్సీలో 21 ఏళ్లు నిండిన ఎవరైనా దుకాణానికి వెళ్లి కొనుక్కోవచ్చు, పెన్సిల్వేనియాలో అలా కుదరదు. ఇక్కడ చట్టబద్ధంగా కొనాలంటే ఈ కార్డు ఒక్కటే దారి. న్యూజెర్సీలో కొని డెలావేర్ నది దాటించి తెచ్చుకుంటే, జేబులో పెన్సిల్వేనియా కార్డు ఉన్నా అది నేరమే.

అన్నిటికంటే ముందు: మీరు అమెరికా పౌరులేనా?

పౌరులైతే ఈ భాగం దాటేసి ముందుకు వెళ్లండి. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 వీసాల మీద ఉన్నా, గ్రీన్‌కార్డు ఉన్నా, సిటిజన్‌షిప్ దరఖాస్తు పెండింగులో ఉన్నా ఇక్కడ ఆగి చదవండి.

రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టంలో గంజాయి నియంత్రిత పదార్థమే. ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం కింద. వీసా, గ్రీన్‌కార్డు విషయంలో శిక్ష పడితేనే కాదు, నియంత్రిత పదార్థాల చట్టాన్ని ఉల్లంఘించానని మీరే ఒప్పుకున్నా ప్రవేశార్హత పోయే ప్రమాదముంది. 2019 ఏప్రిల్ 19న యూఎస్‌సీఐఎస్ (గ్రీన్‌కార్డు, పౌరసత్వ దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ) తన విధానంలో ఈ మాట స్పష్టంగా చేర్చింది: గంజాయికి సంబంధించిన పని రాష్ట్ర చట్టం ప్రకారం సక్రమమైనా, పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన షరతుకు అది అడ్డు కావచ్చు. 30 గ్రాములు, అంతకు తక్కువ ఒక్కసారి దగ్గర ఉంచుకున్న సందర్భానికి చిన్న మినహాయింపు ఉంది. ప్రతి నెలా డిస్పెన్సరీకి వెళ్లే పేషెంటుకు అది పనికొస్తుందనుకోవద్దు.

ఫెడరల్ చట్టం నియంత్రిత పదార్థాలను అయిదు షెడ్యూళ్లుగా విడదీస్తుంది. గంజాయిని షెడ్యూల్ 1 నుంచి షెడ్యూల్ 3కి మార్చడం గురించిన వార్తలు చూసి చాలామంది ధైర్యం తెచ్చుకుంటున్నారు. ఇమిగ్రేషన్ చట్టం షెడ్యూల్ ఎన్నోదని చూడదు. ఒకటి నుంచి అయిదు వరకు ఏ షెడ్యూల్లో ఉన్నా అది నియంత్రిత పదార్థమే. ఇక పెన్సిల్వేనియా డాక్టరు ఇచ్చేది ధ్రువీకరణే తప్ప మందుల చీటీ కాదు. కాబట్టి "డాక్టరే రాసిచ్చారు" అన్న వాదన అక్కడ నిలబడదు.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఇండియా ప్రయాణమూ ఆలోచించాల్సిన విషయమే. మామూలుగా తిరిగి వచ్చేటప్పుడు వాళ్లను కొత్తగా ప్రవేశం కోరుతున్నవాళ్లుగా చూడరు. మాదకద్రవ్యాల ఉల్లంఘన ఒప్పుకుంటే మాత్రం అలా చూసే అవకాశముంది. విమానాశ్రయంలో అధికారులు ఫోను కూడా తెరిచి చూడగలరు. అలాగని దరఖాస్తులో, ఇంటర్వ్యూలో అబద్ధం చెప్పడం పరిష్కారం కాదు. తప్పుడు సమాచారం ఇవ్వడం విడిగా ఇంకో పెద్ద నేరం, దాని ప్రభావం జీవితాంతం వెంటాడుతుంది.

అందువల్ల పౌరులు కానివాళ్లకు మా సలహా ఒక్కటే. రిజిస్ట్రీలో పేరు ఎక్కించకముందే ఇమిగ్రేషన్ లాయరుతో ఒక గంట మాట్లాడండి. హెచ్‌ఆర్ పంపే కంపెనీ లాయరు కాదు, మీరు ఫీజు కట్టే మీ లాయరు. కంపెనీ లాయరు కంపెనీ పట్ల కూడా బాధ్యుడే. ఈలోగా మీ డాక్టరును రెండు మందుల గురించి అడగండి. కీమో వల్ల వాంతులవుతుంటే డ్రొనాబినాల్ ఉంది. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీనే కృత్రిమంగా తయారుచేసి క్యాప్సూల్‌లో ఇస్తారు. పిల్లల్లో లెనాక్స్ గాస్టో, డ్రావే లాంటి మొండి మూర్ఛలకు 2018లో ఎఫ్‌డీఏ ఆమోదించిన ఎపిడయోలెక్స్ ఉంది, అది గంజాయిలో మత్తునివ్వని పదార్థమైన సీబీడీని శుద్ధి చేసినది. ఈ రెండూ మామూలు ప్రిస్క్రిప్షన్ మీద మామూలు ఫార్మసీలోనే దొరుకుతాయి. ఏ కార్డూ అక్కర్లేదు. జబ్బుకు ఇవి సరిపోతే వీసాను పణంగా పెట్టాల్సిన పనే లేదు.

ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు కార్డు రాదు. రాష్ట్రంలో నివాసం ఉండాలన్నది మొదటి షరతు. నాన్నగారి మోకాళ్ల నొప్పికి మీ కార్డు మీద తెచ్చిన చుక్కల మందు ఇవ్వాలనిపిస్తుంది. కార్డు లేని మనిషికి అది ఇవ్వడం నేరం. మీ కార్డు రద్దవడంతోపాటు కేసు కూడా కావచ్చు.

జబ్బు జాబితాలో ఉందా?

చట్టం తీవ్రమైన వైద్య పరిస్థితి అని గుర్తించినవి 24 ఉన్నాయి. క్యాన్సర్, ఎపిలెప్సీ, అదుపులోకి రాని ఫిట్స్, పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లిరోసిస్, ఏఎల్ఎస్, గ్లాకోమా, క్రోన్స్, పేగుల వాపు జబ్బులు, హెచ్‌ఐవీ, దీర్ఘకాల హెపటైటిస్-సి, సికిల్ సెల్ అనీమియా, ఆటిజం, పీటీఎస్‌డీ, నరాల జబ్బులు, ఓపియాయిడ్ (నల్లమందు తరహా నొప్పి మందుల) వ్యసనం, మరణానికి దగ్గరైన స్థితి వంటివి ఇందులో వస్తాయి. ఎక్కువమంది వెళ్లేది రెండు కారణాలతో: తీవ్రమైన దీర్ఘకాలిక నొప్పి, యాంగ్జైటీ. 2019 జులైలో యాంగ్జైటీని, టూరెట్ సిండ్రోమ్‌ను కలిపి చేర్చారు. యాంగ్జైటీకి ఇది మొదటి మందు కాదనీ, కౌన్సెలింగుకూ ఇతర మందులకూ తోడుగానే వాడాలనీ, పిల్లలకు, టీనేజీ వాళ్లకు వద్దనీ ఆరోగ్యశాఖ అప్పుడే చెప్పింది. మంచి డాక్టరైతే ఆ మాటే మీకూ చెబుతారు.

జాబితాలో లేనివి కూడా తెలుసుకోండి. నిద్ర పట్టకపోవడం లేదు. డిప్రెషన్ విడిగా లేదు. మామూలు మైగ్రేన్ ఆ పేరుతో లేదు, తీవ్రమైన దీర్ఘకాలిక నొప్పి కిందికి వస్తుందా అన్నది డాక్టరు తేల్చాలి. "నిద్ర కోసం వచ్చాను" అంటే ధ్రువీకరణ రాదు. నిద్ర పట్టకపోవడానికి కారణం నడుము నరం నొక్కుకుపోయిన నొప్పే అయితే ఆ నొప్పి గురించి, దాని రిపోర్టుల గురించి మాట్లాడండి. లేని జబ్బు చెప్పమనడం లేదు. ఉన్న జబ్బుకు సరైన పేరు పెట్టి చెప్పమంటున్నాం.

లైసెన్సు మీద పేరు, చిరునామా

దరఖాస్తులు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. రిజిస్ట్రీ మీ వివరాలను పెన్‌డాట్ (లైసెన్సులిచ్చే రాష్ట్ర రవాణాశాఖ) దగ్గరున్న వివరాలతో సరిపోల్చుకుంటుంది. పెన్సిల్వేనియా డ్రైవింగ్ లైసెన్సు గానీ, పెన్‌డాట్ ఇచ్చే ఐడీ కార్డు గానీ ఉండాలి. డల్లాస్ నుంచో ఎడిసన్ నుంచో ఈ మధ్యే వచ్చి ఇంకా పాత రాష్ట్రం లైసెన్సుతోనే తిరుగుతుంటే, ముందు దాన్ని మార్చుకోండి.

ఇల్లు మారితే 15 రోజుల్లోగా పెన్‌డాట్‌కు చెప్పాలన్నది ఎలాగూ చట్టమే. ఆన్‌లైన్‌లో ఉచితంగా మార్చుకోవచ్చు. అపార్ట్‌మెంట్ నంబరు మర్చిపోవద్దు. రేపు కార్డు పోస్టులో వచ్చేది ఆ చిరునామాకే. నంబరు లేకపోతే నాలుగొందల ఇళ్ల కాంప్లెక్సులో ఆ కవరు ఎటు పోతుందో చెప్పలేం.

మన పేర్ల సంగతి ఇంకో రకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పొడుగ్గా, అసలు పేరు రెండు ముక్కలుగా ఉంటుంది. లైసెన్సు మీద ఆ రెండో ముక్క మధ్య పేరుగా పడి ఉండొచ్చు, లేదా మొదటి పేరుతో కలిసిపోయి ఉండొచ్చు. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటంతో మొదటి పేరు గడిలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. పెళ్లయ్యాక ఆడవాళ్ల పేరు ఒకచోట మారి ఇంకోచోట మారదు. రిజిస్ట్రీలో మీకు ఏది సరైన పేరనిపిస్తుందో అది రాయకండి. లైసెన్సు ఎదురుగా పెట్టుకుని, దాని మీద ఏ గడిలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా అదే కొట్టండి. డాక్టరు ఆఫీసులోనూ అదే పేరు ఇవ్వండి. అక్కడ శ్రీను అని, ఇక్కడ శ్రీనివాసరావు అని ఉంటే ధ్రువీకరణ మీ ఖాతాకు చేరడం ఆలస్యమవుతుంది.

రిజిస్ట్రీలో నమోదు

పెన్సిల్వేనియా ఆరోగ్యశాఖ వారి మెడికల్ మారిజువానా పేజీ నుంచి పేషెంట్స్ అండ్ కేర్‌గివర్స్ రిజిస్ట్రీలోకి వెళ్లండి. సెర్చ్‌లో ముందు కనబడే ప్రకటనల మీద నొక్కకండి. ప్రభుత్వ ముద్ర లాంటి బొమ్మలు పెట్టుకుని "ఇవాళే కార్డు" అని డబ్బు గుంజే ప్రైవేటు సైట్లు చాలా ఉన్నాయి. చిరునామా చివర పీఏ డాట్ గవ్ ఉందో లేదో చూసుకోండి. డిస్పెన్సరీలో చెల్లేది రాష్ట్రం ముద్రించి పంపిన కార్డు మాత్రమే.

మీకు మాత్రమే చెందిన ఈమెయిల్ వాడండి. భార్యాభర్తలిద్దరూ పేషెంట్లయితే విడి ఈమెయిళ్లు ఉండాలి. ఆఫీసు ఈమెయిల్ అసలు వద్దు. ఉద్యోగం మారితే రెన్యువల్ సమాచారం అందదు, పైగా మీ ఆరోగ్య సంగతి కంపెనీ సర్వరులో ఉండిపోతుంది. పేరు, పుట్టినతేదీ, లైసెన్సు నంబరు, చిరునామా ఇచ్చాక మీకో పేషెంట్ నంబరు వస్తుంది. పుట్టినతేదీ దగ్గర మన అలవాటు అడ్డొస్తుంది, ఇక్కడ నెల ముందు, రోజు తర్వాత. ఆ పేషెంట్ నంబరు రాసిపెట్టుకోండి. ఈ దశలో ఏమీ కట్టనక్కర్లేదు, ఎవరైనా అడిగితే మీరున్నది రాష్ట్రం సైటు కాదు.

డాక్టరు దగ్గర

ఏ డాక్టరైనా ధ్రువీకరించలేరు. నాలుగు గంటల శిక్షణ పూర్తిచేసి ఆరోగ్యశాఖ దగ్గర నమోదైనవాళ్లే చేయగలరు. వాళ్ల జాబితా ఆరోగ్యశాఖ సైటులో జిల్లాలవారీగా ఉంటుంది. ముందు మీ సొంత డాక్టరునో, చూస్తున్న స్పెషలిస్టునో అడగండి. వాళ్లకు మీ జబ్బు తెలుసు, మీరు వాడే మిగతా మందులూ తెలుసు. వాళ్లు నమోదై లేకపోతే జాబితాలో వేరేవాళ్లను చూడండి. వీడియో కాల్‌లో చూసేవాళ్లూ ఉన్నారు.

ఫీజుకు ప్రభుత్వం పరిమితి పెట్టలేదు. చాలాచోట్ల 100 నుంచి 200 డాలర్ల మధ్య తీసుకుంటారు. ఇన్సూరెన్సు ఇవ్వదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు మూడు విషయాలు అడిగి తెలుసుకోండి: ధ్రువీకరణ ఇవ్వకపోతే డబ్బు తిరిగిస్తారా, ధ్రువీకరణ పూర్తి ఏడాదికా లేక కొన్ని నెలలకేనా, రెన్యువల్‌కు ఎంత. ఆరు నెలలకే రాసిచ్చేవాళ్లు చట్టప్రకారమే చేస్తున్నారు. కానీ ఆ లెక్కన ఏడాదికి రెండుసార్లు ఫీజు కట్టాలి.

వెళ్లేటప్పుడు జబ్బు పేరు స్పష్టంగా ఉన్న కాగితాలు పట్టుకెళ్లండి. గత ఏడాదిలో డాక్టరును కలిసినప్పటి నోట్స్, ఎమ్మారై గానీ బయాప్సీ గానీ ఉంటే ఆ రిపోర్టు, ఇప్పుడు వేసుకుంటున్న మందుల పూర్తి జాబితా, వేసుకుని ఆపేసిన మందులు, ఎందుకు ఆపారో. హైదరాబాదులోనో విజయవాడలోనో చికిత్స జరిగి ఉంటే ఆ డిశ్చార్జి సమ్మరీ కూడా తీసుకెళ్లండి. అయితే దాని మీదే ఆధారపడకండి. ఇక్కడి డాక్టరు రాసిన నిర్ధారణకు ఉండే బలం వేరు. ఆయుర్వేద మందులు వాడుతుంటే దాచకుండా చెప్పండి.

ధ్రువీకరించే ముందు డాక్టరు రాష్ట్ర ప్రిస్క్రిప్షన్ డేటాబేసులో మీ పేరు చూడాలన్నది నిబంధన. ఓపియాయిడ్లు, నిద్రమాత్రలు ఎవరు ఎప్పుడు రాశారో అక్కడ కనబడుతుంది. జాబితాలో రాయని మందు అందులో కనబడితే మీ మీద నమ్మకం పోతుంది. కుటుంబంలో ఎవరికైనా స్కిజోఫ్రీనియా లాంటి తీవ్ర మానసిక జబ్బు ఉన్నా, గుండెజబ్బు ఉన్నా, గర్భవతి అయినా, బిడ్డకు పాలిస్తున్నా తప్పకుండా చెప్పండి. ఆ సందర్భాల్లో వద్దనడమే సరైన వైద్యం కావచ్చు.

అన్నీ కుదిరితే డాక్టరే మీ పేషెంట్ నంబరుతో రిజిస్ట్రీలో ధ్రువీకరణ ఎక్కిస్తారు. బయటికి వచ్చే ముందే "ఎక్కించారా?" అని అడగండి. చాలాసార్లు అది సాయంత్రానికో మర్నాటికో గానీ జరగదు. అది ఎక్కేదాకా డబ్బు కట్టే అవకాశం తెర మీద కనబడదు.

50 డాలర్లు, ఆ తర్వాత పోస్టు కోసం ఎదురుచూపు

ధ్రువీకరణ ఎక్కాక మళ్లీ లాగిన్ అయి 50 డాలర్లు కట్టండి. మెడికెయిడ్, స్నాప్, విక్, చిప్, పేస్, పేస్‌నెట్ వంటి సహాయ పథకాల్లో ఉన్నవాళ్లకు ఈ రుసుము మినహాయింపు ఉంది. ఆ వివరం రిజిస్ట్రీలో గుర్తుపెట్టి నమోదు చేయాలి. ముందు కట్టేసి తర్వాత అడిగితే కష్టం.

కార్డు రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చనుకుని లెక్క వేసుకోండి. కీమో తేదీ దగ్గరపడ్డాక మొదలుపెడితే అందదు. డాక్టరు ధ్రువీకరించిన కాగితం గానీ, డబ్బు కట్టిన రసీదు గానీ చూపిస్తే డిస్పెన్సరీలో ఇవ్వరు. కార్డు చేతిలో ఉండాల్సిందే. పోతే పది పనిదినాల్లో ఆరోగ్యశాఖకు తెలియజేయాలి. మొదటిసారి కొత్త కార్డుకు 25 డాలర్లు, తర్వాతి నుంచి 50.

కదల్లేని పెద్దవాళ్లకు, పిల్లలకు

పేషెంటు తానుగా డిస్పెన్సరీకి వెళ్లలేకపోతే తన తరఫున మందు కొని తెచ్చే కేర్‌గివర్‌ను పెట్టుకోవచ్చు, ఒక పేషెంటుకు ఇద్దరి వరకు. కేర్‌గివర్‌కు 21 ఏళ్లు నిండాలి. వేలిముద్రలిచ్చి ఎఫ్‌బీఐ నేర చరిత్ర తనిఖీ చేయించుకోవాలి. గత అయిదేళ్లలో మాదకద్రవ్యాల అమ్మకం లాంటి కేసులో శిక్ష పడి ఉంటే ఇవ్వరు. ఈ తనిఖీ వల్ల కేర్‌గివర్ కార్డు పేషెంటు కార్డుకంటే ఆలస్యమవుతుంది, అందుకని దాన్ని ముందు మొదలుపెట్టండి. 18 ఏళ్లలోపు పిల్లలకైతే తల్లో తండ్రో సంరక్షకుడో కేర్‌గివర్‌గా నమోదై, వాళ్ల ద్వారానే బిడ్డ పేరు ఎక్కించాలి. కొనడం, ఇవ్వడం అంతా వాళ్ల చేతుల మీదుగానే.

ఇక్కడ మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. అత్తగారు అమెరికా పౌరురాలు, ఆవిడకు క్యాన్సర్. కేర్‌గివర్‌గా ఉండబోయే కోడలు హెచ్-4 మీద ఉంది. పేషెంటుకు ఇమిగ్రేషన్ ఇబ్బంది లేకపోవచ్చు, ఆ మందు కొని చేతిలో పట్టుకునే కోడలికి ఉంటుంది. కేర్‌గివర్‌గా ఇంట్లో పౌరసత్వం ఉన్నవాళ్లనే పెట్టండి.

డిస్పెన్సరీలో

రాష్ట్రంలో ఏ డిస్పెన్సరీకైనా వెళ్లొచ్చు. పేషెంట్ కార్డు, లైసెన్సు రెండూ తీసుకెళ్లండి. మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడి ఫార్మసిస్టుతో మాట్లాడిస్తారు. తొందరపడకండి, ఈ పది పదిహేను నిమిషాలు డాక్టరు దగ్గర గడిపిన సమయం కంటే విలువైనవి కావచ్చు. మందుల జాబితా ఇక్కడా చూపించండి. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మందు వాడుతుంటే గంజాయి దాని ప్రభావాన్ని పెంచగలదు, రక్తం గడ్డకట్టే వేగాన్ని చూసే ఐఎన్‌ఆర్ పరీక్షలు దగ్గర దగ్గరగా చేయించుకోవాలి. మూర్ఛకు క్లోబజామ్ వాడేవాళ్లకు సీబీడీ తోడైతే మత్తు ఎక్కువవుతుంది. కొనేటప్పుడు కౌంటరు దగ్గర "ఇది బాగా అమ్ముడుపోతుంది" అన్నదాన్ని కాకుండా, ఫార్మసిస్టు చెప్పిన రూపాన్ని, మోతాదును తీసుకోండి.

మాత్రలు, నాలుక కింద వేసుకునే చుక్కలు, నూనె, ఒంటికి రాసుకునే క్రీములు, వేపరైజరులో వాడే ఎండుటాకు, కార్ట్రిడ్జులు అమ్ముతారు. కాల్చి పొగ పీల్చడం చట్టవిరుద్ధం, ఎండుటాకునైనా వేపరైజరులో వేడిచేసి ఆవిరిగానే వాడాలి. చాక్లెట్లు, బిస్కట్లుగా అమ్మరు. ఇంట్లో మొక్క పెంచడం తీవ్రమైన నేరం, ఒక్క కుండీ అయినా సరే.

90 రోజులకు 192 యూనిట్లు పరిమితి. ఎండుటాకు అయితే 3.5 గ్రాములు, గాఢ సారమైతే ఒక గ్రాము, మాత్రలు చుక్కల్లాంటివైతే 100 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఒక యూనిట్. మొదలుపెట్టినవాళ్లకు ఇందులో పిసరంత చాలు, ఆ పరిమితిని కోటాలా వాడేయకండి. చాలా డిస్పెన్సరీలు క్రెడిట్ కార్డు తీసుకోవు, నగదు గానీ డెబిట్ గానీ తీసుకెళ్లండి. హెచ్ఎస్ఏ (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే) ఖాతాలోని డబ్బు దీనికి వాడకూడదు. ఫెడరల్ పన్నులో వైద్య ఖర్చుగా చూపించడమూ కుదరదు.

మోతాదు మాట డాక్టరుదీ ఫార్మసిస్టుదీ. అయినా ఒక్క హెచ్చరిక. నోటితో మింగేది ఎక్కడానికి గంటన్నా పడుతుంది, కొందరికి రెండు గంటలు. ఆరేడు గంటలు ఉంటుంది. ఇంకా ఏమీ కాలేదని అరగంటలో ఇంకోటి వేసుకోవడమే అందరూ చేసే తప్పు, దాంతోనే గుండెదడ, భయం, వాంతులు పట్టుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సి వస్తుంది. టీహెచ్‌సీ 2.5 మిల్లీగ్రాములతో రాత్రిపూట, ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఆ రాత్రికి మళ్లీ వేసుకోకండి. వేపరైజరులో పీల్చింది నిమిషాల్లో తెలుస్తుంది, దిగిపోవడమూ త్వరగానే. ఏది, ఎంత, ఎప్పుడు, ఏమైందో ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఆపరేషను ఉంటే అనెస్థీషియా డాక్టరుకు తప్పక చెప్పండి. డబ్బాలను డిస్పెన్సరీ ఇచ్చిన లేబుల్‌తోనే, పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి.

కారు, ఉద్యోగం, ప్రయాణం

పేషెంట్లను ఎక్కువగా దెబ్బతీసేది కారు. పెన్సిల్వేనియా డ్రైవింగ్ చట్టంలో వైద్య గంజాయికి మినహాయింపు లేదు. రక్తంలో టీహెచ్‌సీ గానీ, అది విరిగాక మిగిలే పదార్థం గానీ మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము ఉన్నా కేసు. ఆ అవశేషం మత్తు దిగిన రోజుల తర్వాత కూడా, క్రమంగా వాడేవాళ్లలో వారాల తర్వాత కూడా కనబడుతుంది. అంటే ఒళ్లు పూర్తిగా తెలిసి కారు నడుపుతున్నా పట్టుబడొచ్చు. మొదటి నేరానికే కనీసం 72 గంటల జైలు, 1,000 నుంచి 5,000 డాలర్ల జరిమానా, ఏడాది లైసెన్సు రద్దు. దీన్ని మార్చాలని చట్టసభలో బిల్లులు వచ్చాయి, కానీ ఒక బిల్లు రావడం వేరు, చట్టం మారడం వేరు. క్రమంగా వాడాలనుకుంటే ఇంట్లో ఇంకొకరు నడిపే ఏర్పాటు ముందే ఆలోచించుకోండి. వీసా మీద ఉన్నవాళ్లకు ఈ కేసు నమోదైతే చాలు, కోర్టు తేల్చకముందే కాన్సులేట్ వీసా రద్దు చేయగలదు.

ఉద్యోగంలో, కార్డు ఉన్నదన్న ఒక్క కారణంతో తీసేయకూడదని యాక్ట్ 16 చెబుతుంది. పనిచేసే చోట వాడనివ్వాలని గానీ, మత్తులో పనికి రానివ్వాలని గానీ చెప్పలేదు. ఫెడరల్ కాంట్రాక్టుల మీద పనిచేసేవాళ్లు, వాణిజ్య లైసెన్సుతో ట్రక్కు నడిపేవాళ్లు ఈ రక్షణను నమ్ముకోకండి. వాళ్ల డ్రగ్ టెస్టు నియమాలు ఫెడరల్ ప్రభుత్వానివి. కొత్త తుపాకీ కొనాలనుకునేవాళ్లు పూరించే ఫెడరల్ ఫారంలో గంజాయి వాడకం గురించి ప్రశ్న ఉంటుంది. రాష్ట్రం అనుమతించినా అది ఫెడరల్ చట్టానికి విరుద్ధమేనని ఆ ఫారం మీదే అచ్చు వేసి ఉంటుంది.

రాష్ట్రం సరిహద్దు దాటించి ఏదీ తీసుకెళ్లకండి. ఇండియాకైతే అసలు ఆలోచనే వద్దు. అక్కడ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం పెన్సిల్వేనియా కార్డును గుర్తించదు. శంషాబాద్ విమానాశ్రయంలో సంచిలో చుక్కల సీసా దొరికితే అది మాదకద్రవ్యాల కేసే. వేప్ పెన్ అయితే 2019లో దేశమంతటా ఎలక్ట్రానిక్ సిగరెట్లను నిషేధించిన చట్టం కూడా తోడవుతుంది. ప్రయాణానికి ముందు హ్యాండ్ లగేజీ జేబులు, మందుల డబ్బా, కళ్లజోడు పెట్టె అన్నీ ఒకసారి తిరగేసి చూసుకోండి. మర్చిపోయి తెచ్చిన కార్ట్రిడ్జి ఉంటే అలాంటి చోట్లే ఉంటుంది.

ఏడాది తిరిగాక

కార్డుకు ఏడాది గడువు, డాక్టరు ధ్రువీకరణ అంతకంటే ముందే ముగిస్తే కార్డూ అప్పుడే ముగుస్తుంది. గడువుకు నెలన్నర ముందు డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. మళ్లీ ధ్రువీకరణ, తర్వాత 50 డాలర్లు, ఆ తర్వాత కొత్త కార్డు పోస్టులో, వరుస అదే. మధ్యలో ఇల్లు మారి ఉంటే ముందు పెన్‌డాట్, తర్వాత రిజిస్ట్రీ.

రాష్ట్రం విడిచి వెళ్లిపోతుంటే ఈ కార్డు అక్కడితో సరి. మిగిలిన మందును సామాను లారీలో పెట్టకండి, ఎవరికీ ఇవ్వకండి. తాగేసిన కాఫీ పొడితోనో, పెంపుడు పిల్లి మలమూత్రాలకు వాడే మట్టితోనో కలిపి, మూత గట్టిగా పడే డబ్బాలో వేసి చెత్తలో పారేయండి. ఖాళీ డబ్బా మీద మీ పేరున్న లేబుల్ చింపేయండి.